పంచడం కోసం పండించే తోట: ఎక్కడ మొదలుపెట్టాలి

మీరు అడిగింది ఇదీ: వీధి చివర ఖాళీ స్థలాన్ని వాడుకోవడానికి యజమాని సరేనన్నారు, పనిచేయడానికి పదిమంది ముందుకొచ్చారు, పండిన కూరగాయల్ని ఇబ్బందుల్లో ఉన్న చుట్టుపక్కల కుటుంబాలకు ఉచితంగా ఇద్దామనుకుంటున్నారు. ముందుగా ఏం విత్తాలి, మడులు ఎలా వేయాలి, ఎన్ని కుటుంబాలకు మాట ఇవ్వవచ్చు? ఇలాంటి తోటల్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు తోడుగా కూడా ఉంటున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

విత్తనాల సంగతి తర్వాత చూద్దాం. కోసిన కూర ఎవరి వంటింటికి, ఏ రోజు, ఏ వేళకు, ఎవరి చేతుల మీదుగా చేరుతుందో ముందు తేల్చుకోండి. తోట పెంచడం తెలిసినవాళ్లు పదిమందిలో ఇద్దరైనా ఉంటారు, మిగతావాళ్లు ఒక పంటతో నేర్చుకుంటారు. కోసిన ఆకుకూర మాత్రం ఎవరికోసమూ ఆగదు. ఎండలో రెండు గంటలుంటే వడిలిపోతుంది. పంచే తోటలు చాలావరకు దెబ్బతినేది పంట పండక కాదు, పండినదాన్ని వేళకు చేర్చే ఏర్పాటు లేక.

అమెరికాలోని న్యూజెర్సీలో ఒక సామూహిక తోట బాధ్యత చూసిన గ్యారీ ఒపెన్‌హైమర్ గమనించింది ఇదే. మడుల్లో కాయలు కోసేవాళ్లు లేక పాడైపోతున్నాయి. మరోవైపు ఉచితంగా తిండి సరుకులిచ్చే కేంద్రాల్లో డబ్బాల్లో నిలవచేసినవి తప్ప తాజా కూరలు దొరకడం లేదు. ఆయన 2009లో ఆంపుల్‌హార్వెస్ట్ అనే సంస్థ పెట్టి చేసిన పని కొత్త తోటలు వేయించడం కాదు. దగ్గర్లో ఏ కేంద్రం ఉంది, అది ఏ రోజు ఏ వేళకు తాజా కూరలు తీసుకుంటుంది అన్న కబురు తోటలవాళ్లకు అందేలా చేశాడు. దానం చేసేవాళ్లు సాధారణంగా బియ్యం, పప్పు, నూనె, గోధుమపిండి లాంటి నిలవుండే సరుకులే ఇస్తారు. పచ్చికూరలు నిలవుండవు కాబట్టి వాటి జోలికి పెద్దగా ఎవరూ పోరు. మీ తోట పూడ్చాల్సిన ఖాళీ అక్కడుంది.

కాబట్టి మొదటి నెలలో గునపం పట్టుకునే ముందు ఇద్దరు మనుషులు చేయాల్సిన పని ఒకటుంది. ఆ కుటుంబాలతో ఇప్పటికే పరిచయం ఉన్నవాళ్లను కలవండి: ఇళ్లకు వెళ్లే ఆరోగ్య కార్యకర్త, బడి టీచరు, ఉచిత భోజనం వండిపెట్టేవాళ్లు, మంచం మీదున్న వృద్ధుల్ని చూసుకునేవాళ్లు. ఎవరికి అవసరమో మీరు కొత్తగా వెతికి జాబితాలు రాయనక్కర్లేదు. అలా రాయడం మొదలుపెడితే ఆ ఇళ్లవాళ్లు ముడుచుకుపోతారు. పరిచయమున్న మనిషి ద్వారా వెళితే నాలుగు సంగతులు తెలుస్తాయి: ఇంట్లో ఎంతమంది, ఫ్రిజ్ ఉందా, రోజుకు ఎన్నిసార్లు పొయ్యి వెలిగిస్తారు, ఏం తింటారు. ఫ్రిజ్ లేని ఒక్క గది ఇంటికి వారానికోసారి నాలుగు కిలోల కూర ఇస్తే సగం పాడవుతుంది. అదే కూర రెండు విడతలుగా ఇస్తే మొత్తం వాడుకుంటారు. ఒంటరిగా ఉంటూ చేతులు వణికే పెద్దావిడకు గట్టి గుమ్మడికాయ నిండుగా ఇవ్వడం కన్నా కోసిన ముక్క ఇవ్వడం మేలు. ఇవన్నీ అడిగితేనే తెలుస్తాయి, ఊహకు అందవు.

ఇక ఎన్ని కుటుంబాలు అన్న మీ ప్రశ్న. ఇక్కడ కాగితం తీసుకుని కూర్చోండి. స్థలం 100 చదరపు మీటర్లు ఉందనుకుందాం. దారులు, నీళ్ల తొట్టి, ఎరువు గుంట, సామాన్లు పెట్టుకునే చోటు పోగా మడులకు మిగిలేది సుమారు 60 చదరపు మీటర్లు. చేయి తిరిగిన తోటల్లో అంతకు మించే వస్తుంది గానీ, మొదటి పంటకు చదరపు మీటరుకు 2 కిలోల చొప్పున లెక్క వేసుకోండి. మొత్తం 120 కిలోలు. కోతలు పది వారాలు సాగితే వారానికి 12 కిలోలు. ఇంటికి 2 కిలోలనుకుంటే ఆరు కుటుంబాలు. మనిషి రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే నలుగురున్న ఇంటికి రోజుకు 1.6 కిలోలు. మీరిచ్చే 2 కిలోలు వాళ్లకు ఒక రోజుకు కాస్త పైన సరిపోతాయి. ఈ లెక్క మిమ్మల్ని నీరుగార్చడానికి వేయలేదు. యాభై ఇళ్లకు మాట ఇచ్చి రెండు వారాల తర్వాత ఆపేయడం కన్నా, ఆరు ఇళ్లకు పది వారాలు తప్పకుండా ఇవ్వడం ఎంతో విలువైనది. వస్తుందని తెలిస్తే ఆ ఇంటివాళ్లు వారం ఖర్చులో ఆ మేరకు మిగుల్చుకోగలరు. వస్తుందో రాదో తెలియనిదాన్ని నమ్ముకుని ఎవరూ వంట చూసుకోలేరు. దిగుబడి ఎక్కువొచ్చిన వారం మిగులు ఎటూ ఉంటుంది, దాన్ని భోజనం వండిపెట్టేవాళ్లకు పంపండి.

స్థలం గురించి కూడా తొందరపడకండి. యజమాని నోటిమాటగా సరేనన్నారు, సంతోషమే. అయినా ఒక్క పేజీ రాసుకోండి. ఎన్నేళ్లు వాడుకోవచ్చు, నీళ్ల ఖర్చు ఎవరిది, స్థలం వెనక్కి కావాలంటే ఎంత ముందుగా చెప్పాలి, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది అన్నవి అందులో ఉండాలి. కనీసం రెండేళ్లు అడగండి, ఎందుకంటే నేల బాగుపడటానికే మొదటి ఏడాది పోతుంది. వెనక్కి తీసుకునే గడువు ఒక పంట కాలానికి తగ్గకుండా చూసుకోండి. తిండి దానం చేసేవాళ్లకు చట్టం ఇచ్చే రక్షణ ఏమిటో కూడా మీ ప్రాంతంలో కనుక్కోండి. అమెరికాలో 1996 నాటి బిల్ ఎమర్సన్ చట్టం, మంచి మనసుతో అవసరంలో ఉన్నవాళ్ల కోసం ఆహారం ఇచ్చినవాళ్లను, ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప, దావాల నుంచి కాపాడుతుంది. అన్ని చోట్లా అలాంటి చట్టం ఉండకపోవచ్చు.

నేల విషయం మాత్రం తీరిగ్గా చూడండి, ఎందుకంటే మీరు పండించేది వేరేవాళ్ల పిల్లలు తింటారు. పాత ఇల్లు కూల్చిన చోటు, వాహనాల మరమ్మతులు చేసిన చోటు, బాగా రద్దీగా ఉండే రోడ్డు పక్క స్థలం, చెత్త తగలబెట్టిన చోటు అయితే మట్టిలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పాత రంగుల్లో, పాత పెట్రోల్లో సీసం కలిపేవారు. వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు ప్రపంచమంతటా ఆగిపోయిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది 2021లోనే. పెట్రోల్లో ఆగినా మట్టిలో పడిన సీసం ఎక్కడికీ పోదు, తరాలపాటు పైపొరలోనే ఉంటుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. ఇంతవరకైతే ఫరవాలేదు అని చెప్పగల మోతాదు తేలలేదు. ఇళ్ల దగ్గరి మట్టిలో సీసానికి అమెరికా పర్యావరణ సంస్థ పెట్టుకున్న హెచ్చరిక స్థాయి కిలో మట్టికి 400 మిల్లీగ్రాములు ఉండేది. 2024లో దాన్ని 200కు తగ్గించారు. మట్టిని పరీక్షకు ఇచ్చేటప్పుడు నత్రజని, భాస్వరం, పొటాష్ మాత్రమే కాకుండా సీసం లాంటి భార లోహాలు కూడా చూడమని విడిగా అడగండి. మామూలు భూసార పరీక్షలో అవి ఉండవు.

సీసం కాస్త ఎక్కువగా ఉందని తేలినా తోట ఆలోచన మానేయనక్కర్లేదు. నేల మీద గట్టి గుడ్డ పరిచి, అడుగు ఎత్తు మడులు కట్టి, తెలిసిన చోటునుంచి తెచ్చిన శుభ్రమైన మట్టి, ఎరువు నింపండి. దారుల్లో రంపపు పొట్టో చెక్కపేళ్లో పరిస్తే దుమ్ము లేవదు. కూరల మీదికి సీసం ఎక్కువగా చేరేది వేరు లాక్కోవడం వల్ల కాదు, మట్టి, దుమ్ము అంటుకోవడం వల్ల. అందుకే ఆకుకూరలు, దుంపలు ఎక్కువ ప్రమాదం. టమాటా, వంకాయ, బెండ, చిక్కుడు లాంటి కాయల్లో తక్కువ. మట్టి ఉదజని సూచిక (pH, అంటే పులుపు, క్షార గుణాన్ని చెప్పే అంకె) 6.5 నుంచి 7 మధ్య ఉండి, సేంద్రియ పదార్థం బాగా ఉంటే సీసం మట్టికే పట్టుకుని ఉంటుంది. ఎత్తు మడులకు పాత రైలు స్లీపర్లు ఎవరైనా ఉచితంగా ఇస్తామంటే వద్దనండి. కలప పుచ్చకుండా వాటికి పట్టించిన క్రియోసోటు అనే తారు నూనె తినే పంట పక్కన ఉండకూడదు. ఆర్సెనిక్ మందు పట్టించిన పాత కలపా అంతే. ఇటుకలు, రాళ్లు, మందు పట్టించని కలప చాలు.

మడి వెడల్పు 4 అడుగులకు మించకూడదు, రెండు పక్కలనుంచీ చేయి నడిమికి అందాలి. ఒక్క దారైనా చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పు ఉంచండి. కాయల మొక్కలకు రోజుకు 6 నుంచి 8 గంటల ఎండ పడాలి, ఆకుకూరలు 4 గంటలతో సర్దుకుంటాయి. నీళ్ల లెక్క ముందే వేసుకోండి: మొక్కలకు వారానికి సుమారు 25 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి, అంటే చదరపు మీటరుకు 25 లీటర్లు. 60 చదరపు మీటర్లకు వారానికి 1,500 లీటర్లు. ఎండలు ముదిరితే దీనికి ఒకటిన్నర రెట్లు. బిందెలతో మోసే పని కాదు, కుళాయి దగ్గర్లో లేకపోతే స్థలం ఎంత బాగున్నా మరోసారి ఆలోచించండి. డ్రిప్ పైపులు వేసి, మడుల మీద ఎండుగడ్డి పరిస్తే నీరూ ఆదా, కలుపూ తక్కువ. పైగా ఆకుల మీదికి మట్టి చిందదు.

ఎరువు దగ్గర దానానికి వచ్చిన ప్రతిదాన్నీ తీసుకోకండి. పచ్చి పేడలో రోగకారక క్రిములుంటాయి. పచ్చిది నేలలో కలిపితే, మట్టికి తగిలే పంటను 120 రోజుల తర్వాతే కోయాలని, మట్టికి తగలని కాయలైతే 90 రోజులని అమెరికా సేంద్రియ సాగు నియమాలు చెబుతాయి. నెలలో కోతకొచ్చే తోటకూరకు పచ్చి పేడ వాడకూడదని దీన్నిబట్టే తెలుస్తోంది కదా. కుప్ప వేసి మగ్గబెడితే లోపలి వేడి 55 డిగ్రీలు దాటాలి. అలా కనీసం 15 రోజులు ఉండి, ఈలోగా ఐదుసార్లు తిరగేస్తే క్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. చేయి పెట్టి చూసి చెప్పేది కాదు, పొడవాటి థర్మామీటరు కొనండి. ఇంకో చిక్కుంది. గడ్డి భూముల్లో చల్లే అమినోపైరాలిడ్ లాంటి కలుపు మందులు పశువుల కడుపులోనూ, కుప్పలోనూ విరగకుండా ఎరువులోకి వస్తాయి. అలాంటి ఎరువు వేస్తే టమాటా, చిక్కుడు, బెండ ఆకులు దొప్పల్లా ముడుచుకుని పంట పోతుంది. కనిపెట్టడం సులువే: ఆ ఎరువు కలిపిన మట్టిని నాలుగు కుండీల్లో, కలపని మట్టిని నాలుగు కుండీల్లో పోసి చిక్కుడు గింజలు వేయండి. మూడు వారాల్లో ఆకులే చెబుతాయి.

ఇప్పుడు ఏం విత్తాలి. పంచే రోజును బట్టి పంటను ఎంచుకోండి. బెండకాయ పువ్వు రాలిన నాలుగైదు రోజుల్లో లేతగా ఉంటుంది. రోజు విడిచి రోజు కోయకపోతే పీచు పట్టి ముదిరిపోతుంది, చెట్టు మీద ముదురు కాయలుంటే కొత్త కాపు తగ్గుతుంది. వారానికి ఒక్కరోజే పంచే తోటలో బెండ పెడితే సగం కాయలు ముదురే వస్తాయి. వారం మధ్యలో కోసి దగ్గర్లోని ఒకటి రెండు ఇళ్లకు ఇచ్చే మనిషి ఉంటేనే పెట్టండి. టమాటా, వంకాయ, పచ్చిమిర్చి కాస్త ఓపిక పడతాయి. టమాటాను రంగు తిరుగుతున్నప్పుడు కోస్తే ఇంట్లో మాగుతుంది, మోతలో నలగదు. గుమ్మడి, బూడిదగుమ్మడి బాగా ముదిరాక కోసి గాలి ఆడే పొడి చోట పెడితే రెండు మూడు నెలలు నిలవుంటాయి. కోతలు సన్నగిల్లిన వారాల్లో మిమ్మల్ని ఆదుకునేవి ఇవే. చిలగడదుంప నాకు చాలా ఇష్టమైన పంట. దుంప నిలవుంటుంది, లేత ఆకులు కూర వండుకోవచ్చు, తీగ నేలంతా కప్పేసి కలుపును లేవనివ్వదు.

తోటకూర, మెంతికూర విత్తిన నెల లోపే కోతకొస్తాయి. మొదటి నెలలోనే పదిమందికీ పని ఫలితం కనబడటానికి ఇవి కావాలి. కాకపోతే మడంతా ఒకేరోజు చల్లకండి. పది పన్నెండు రోజులకోసారి కొంచెం కొంచెం విత్తుతూ పోతే ప్రతి వారం కోత ఉంటుంది. మడంతా ఒకేసారి చల్లితే ఒక వారం ముంచెత్తి తర్వాత మూడు వారాలు ఖాళీ. బెండ తొలి కోతకు 45 నుంచి 50 రోజులు, టమాటాకు నారు నాటాక రెండు నుంచి రెండున్నర నెలలు పడుతుంది. ఈ రోజుల్ని పంచే తేదీల నుంచి వెనక్కి లెక్కపెట్టి విత్తే తేదీలు రాసుకోండి. వింత రకాల మీదికి మనసు పోతుంది, సహజమే. అవి మీ ఇంటి కుండీల్లో వేసుకోండి. ఈ మడుల్లో ఆ కుటుంబాలవాళ్లు వండుకునేవే ఉండాలి.

సొర, బీర, దోస, గుమ్మడి జాతుల గురించి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. కాకరకు చేదు సహజం. మిగతావి చేదుగా ఉంటే అందులో కుకుర్బిటాసిన్ అనే విషం పేరుకున్నట్టు. వండినా అది పోదు. వాంతులు, విరేచనాలు, కొన్నిసార్లు రక్తస్రావం వరకు వెళ్తుంది. 2015లో జర్మనీలో ఇంటి తోటలో పండిన చేదు జుకినీ (గుమ్మడి జాతి కాయ) కూర తిని ఒక వృద్ధుడు ప్రాణాలు కోల్పోయాడు. వీటిలో ఒకే పంటకు చెందిన వేర్వేరు రకాలు తేనెటీగల వల్ల ఒకదాంతో ఒకటి సులువుగా సంకరమవుతాయి. పక్కన అందానికి పెంచే చేదు రకమో, అడవి రకమో ఉంటే ఈ ఏడాది కాయలో తేడా తెలియదు గానీ, దాని గింజల్ని దాచి విత్తితే వచ్చే ఏడాది చేదు కాయలు రావచ్చు. కాబట్టి పంచే తోటలో ఈ జాతి విత్తనం ఏటా నమ్మకమైన చోట కొనండి, సొంతంగా దాచకండి. ఎరువు కుప్పలోంచి తనంతట తాను మొలిచిన గుమ్మడి పాదును పీకేయండి. కూర అందుకునేవాళ్లకు కూడా ఈ మాట చెప్పండి: చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడాలి, చేదైతే ఉమ్మేసి కాయ పారేయాలి. ఇంటికి వచ్చిన దానాన్ని పారేయడానికి మొహమాటపడి వండుకునేవాళ్లు ఉంటారు, అందుకే ముందే చెప్పాలి.

పురుగు మందుల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. రసాయన మందు కొట్టాల్సిన అవసరం పడిందంటే ఆ మొక్క పీకేయడం నయం. పేనుబంకకు గట్టిగా నీళ్లు కొడితే సగం పోతుంది. తెల్లదోమకు పసుపురంగు జిగురు అట్టలు, రసం పీల్చే వాటికి వేపనూనె సాయంత్రం పూట. కాయ తొలిచే పురుగు పట్టిన వంగ కొమ్మల్ని పురుగుతో సహా తుంచి దూరంగా పారేయాలి. మందు ఏది కొట్టినా, వేపనూనెతో సహా, ఎన్ని రోజుల తర్వాత కోయాలో డబ్బా మీద ఉంటుంది. ఆ తేదీ రాసిన కర్ర మడిలో పాతండి. ఎవరు కొట్టారో, ఎవరు కోస్తారో వేర్వేరు మనుషులు కాబట్టి నోటిమాట సరిపోదు.

కోత రోజు తెల్లవారుజామునే మొదలుకావాలి. రాత్రి చల్లదనం ఆకులో ఉండగానే కోసి నీడకు చేర్చాలి. వాంతులు, విరేచనాలతో బాధపడుతున్నవాళ్లు తగ్గి రెండు రోజులు గడిచేవరకు కోతకు రాకూడదు. ఇది మొహమాటం లేకుండా అమలు చేయాల్సిన నియమం. చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్లు తోటలోనే ఉండాలి. ఎరువుల సంచులు, మందుల బకెట్లు కూరలకు వాడకూడదు. ప్లాస్టిక్ క్రేట్లు రెండు రంగుల్లో కొని ఒక రంగు కోతకు మాత్రమే ఉంచండి. ఆకుకూరల్ని తాగే నీళ్లలో జాడించి, నీరు బాగా ఓడ్చి, తడి గుడ్డ కప్పి ఉంచండి. బెండ, వంకాయ, టమాటా కడగకండి, తుడిస్తే చాలు. తడి మిగిలితే త్వరగా కుళ్లుతాయి. ఒక పూట నిలవ పెట్టాల్సి వస్తే ఆకుకూరలకు ఎంత చల్లగా ఉంటే అంత మంచిది. టమాటా, వంకాయ, దోస, బెండను మాత్రం మామూలు ఫ్రిజ్ చలిలో రోజుల తరబడి పెడితే గుంటలు పడి, నీరుకారి పాడవుతాయి, వాటికి 10 నుంచి 13 డిగ్రీల చల్లని గది చాలు. మాగుతున్న టమాటాలను ఆకుకూరల పక్కన పెట్టకండి. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు ఆకుల్ని పసుపెక్కిస్తుంది.

పుచ్చిపోయిన కాయలు, మచ్చలున్నవి, మీ ఇంటికైతే మీరు తీసుకోనివి పంచే బుట్టలో వేయకండి. అవి ఎరువు కుప్పకు వెళ్లాలి. వంకర కాయ, చిన్న కాయ ఫరవాలేదు.

పంచే తీరు మీద నాకు చాలా పట్టింపు ఉంది. ఫొటోలు వద్దు. కూర అందుకుంటున్న మనిషి ముఖం ఎక్కడా కనబడకూడదు, వాళ్లు ఒప్పుకున్నా సరే. ఆ క్షణంలో కాదనడం వాళ్లకు కష్టం. ఆదాయం ఎంత, కార్డు ఉందా అని అడగొద్దు. ముందే కట్టిన సంచి చేతిలో పెట్టడం కన్నా, బల్ల మీద పరిచి ఎవరికి కావలసింది వాళ్లను ఏరుకోనివ్వండి. చాలామంది నాతో అన్న మాట ఒకటే: ఎంచుకుని తీసుకోగలగడం నచ్చింది అని. ఎంచుకునే వీలుంటే ఇంకో లాభం, మూత్రపిండాల జబ్బు వల్ల కొన్ని కూరలు మానేయాల్సినవాళ్లు, రక్తం పలచబరిచే మందులు వేసుకుంటూ ఆకుకూరలు హద్దులో తినాల్సినవాళ్లు తమ జబ్బు సంగతి మనకు చెప్పకుండానే తమకు పడనివి వదిలేస్తారు. కదల్లేనివాళ్లకు మాత్రం ఇంటికే చేర్చాలి, అదీ ఎప్పుడూ ఒకే మనిషి వెళ్లాలి.

ఇంగ్లండ్‌లోని టాడ్‌మార్డెన్ పట్టణంలో 2008లో పామ్ వార్‌హర్స్ట్, మేరీ క్లియర్, వారి ఊరివాళ్లు ఇంకో దారి పట్టారు. పోలీసు స్టేషన్ ముందు, ఆరోగ్య కేంద్రం పక్కన, రోడ్ల వెంట కూరలు వేసి ఎవరైనా కోసుకోవచ్చన్నారు. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అన్న తేడానే అక్కడ లేకుండా పోయింది. మీ తోటలో గేటు బయట ఒక మడిని ఇలా వదిలేయండి. కరివేపాకు, పుదీనా, కొత్తిమీర, పచ్చిమిర్చి లాంటి అప్పుడప్పుడూ గుప్పెడు కావలసినవి అందులో వేయండి. కానీ మొత్తం తోటను అలా వదలమని చెప్పను. బాగా అవసరమున్నవాళ్లలో చాలామంది పగలు పనికి పోయేవాళ్లు, మంచం పట్టినవాళ్లు, నలుగురిలో చేయి చాచడానికి సిగ్గుపడేవాళ్లు. బహిరంగ మడి వాళ్లదాకా చేరదు.

కూరలు తీసుకునే ఇళ్లనుంచి ఎవరైనా తోటపనికి వస్తామంటే చేయి చాచి రమ్మనండి. వాళ్లలో సాగు తెలిసినవాళ్లు మీకన్నా ఎక్కువమంది ఉండవచ్చు. అయితే పని చేస్తేనే కూర అన్న షరతు ఎప్పుడూ పెట్టకండి. పని చేసే పదిమందీ ఎంత ఇంటికి తీసుకెళ్లవచ్చో కూడా మొదట్లోనే తేల్చుకోవాలి. నా సలహా: పంచడం పూర్తయ్యాక మిగిలినదాంట్లోంచి, పంచేముందు కాదు.

మనుషుల దగ్గరికి వస్తే, ఆరంభశూరత్వం సంగతి మీకు తెలుసు. నాటే రోజు పదిమందీ వస్తారు, ఎండలు ముదిరి కలుపు పెరిగిన నెలలో ముగ్గురు మిగులుతారు. ఆ ముగ్గురితో నడిచే తోట ఎంత పెద్దదో అంతే వేయండి. స్థలం మిగిలితే మిగలనివ్వండి, అక్కడ జనుమో అలసందో చల్లి నేలలో కలిపేస్తే వచ్చే పంటకు బలం. మడికొకరు అని పంచితే ఒకరు ఊరెళ్లగానే ఆ మడి ఎండిపోతుంది. రోజుకు ఇద్దరు అని పంచండి, ఒకరు రాకపోయినా నీళ్లు ఆగవు. ఏ రోజు ఏం కోయాలో నిర్ణయించే మనిషి ఒక్కరే ఉండాలి. ఒక కాటా, ఒక నోటుపుస్తకం పెట్టి కోసిన ప్రతిదీ తూచి రాయండి. ఏ మడి ఎంత ఇచ్చిందో తెలిస్తే రెండో పంటకు ఊహలతో పని ఉండదు, స్థలం ఇచ్చిన యజమానికి చూపించడానికీ అదే మంచి కాగితం.

ముగ్గురు కూడా మిగలరేమో అనిపిస్తే వేరే దారి ఉంది. అలాస్కాలోని యాంకరేజ్‌లో తోటపని మీద పత్రికలో రాసే జెఫ్ లోవెన్‌ఫెల్స్ 1995లో పాఠకులను ఒక్కటే కోరాడు: మీ పెరట్లో ఒక వరస అదనంగా వేయండి, ఆ పంటను ఆకలితో ఉన్నవాళ్లకు వండిపెట్టేచోట ఇవ్వండి అని. తర్వాత తోటపని రచయితల సంఘం దాన్ని ఊరూరికీ తీసుకెళ్లింది. మీ పదిమందికీ డాబా మీదో పెరట్లోనో తలా నాలుగు కుండీల చోటు ఉంటే, అందరూ ఒకే రకం ఆకుకూర ఒకే వారం విత్తి, ఒకే ఉదయం కోసి ఒకచోట చేర్చవచ్చు. ఉమ్మడి స్థలం లేకుండానే రెండు మూడు కుటుంబాలకు వారం వారం ఇవ్వగలరు. స్థలంలో మట్టి పరీక్ష ఫలితం వచ్చేలోగా కూడా ఇది మొదలుపెట్టుకోవచ్చు.

పంట కాలం ముగిసే రెండు వారాల ముందే కుటుంబాలకు చెప్పండి: ఫలానా వారంతో ఆగుతుంది, మళ్లీ ఫలానా నెలలో మొదలవుతుంది అని. చెప్పకుండా ఆగిపోతే తామేదో తప్పు చేశామనుకుంటారు.

స్థలం పొడవు వెడల్పులు, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఎండ ఎక్కడ పడుతుంది, కుళాయి ఎంత దూరంలో ఉంది, ఆ స్థలంలో అంతకుముందు ఏముండేది, ఈ నాలుగూ రాయండి. మట్టి పరీక్ష కాగితం వచ్చాక అందులోని అంకెలు కూడా చెప్పండి. ఏ మడిలో ఏది, ఏ వారం విత్తాలో చెప్తాను.